తడి ప్యాంటు మూట

కోనసీమ వెళ్ళొచ్చానంటే మా అనంతపురంలో ఎవరైనా మొదట అడిగేది, ఏం తిన్నావని. ఆ తరువాత, అక్కడ నిజంగానే అన్ని నీళ్ళుంటాయా అని. ఈ రెండింటికీ జవాబులు ఇందులో ఉన్నాయి. ఎందుకు వెళ్ళావని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, జంతువుల వైరస్‌లు చూడడానికి అని చెప్పేవాణ్ణి. వాళ్ళు నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేసి తప్పించుకునేవాణ్ణి. నా వల్ల అక్కడ ఒక రొయ్యల చెరువు పోయింది. ఆ నింద ఇంకొకరి మీద పడితే నేను నోరు మూసుకుని కూర్చున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

నేను జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. వైరస్ అంటే నాకు తెలిసింది నల్లబల్ల మీద ఏటా గీసే బొమ్మ. ఒకసారి మా కాలేజీకి ఎస్తేరు గారని ఒక వైరస్ శాస్త్రవేత్త ఉపన్యాసానికి వచ్చారు. సొంత ఊరు రాజోలు. వేసవిలో కోనసీమలో బాతులు, గబ్బిలాలు, పశువులు, రొయ్యల దగ్గర నమూనాలు తీస్తానని చెబితే, నన్నూ తీసుకెళ్ళమని వెంటపడ్డాను. ఆవిడ షరతులు పెట్టారు. చెప్పిన చోటే అడుగు పెట్టాలి, చెప్పనిది ముట్టుకోకూడదు, పొరపాటు జరిగితే వెంటనే చెప్పాలి. అన్నిటికీ బుద్ధిగా తలూపాను.

జొన్నాడ

హైవే మీద జొన్నాడలో బస్సు దిగేసరికి ఎస్తేరు గారు కారుతో సిద్ధంగా ఉన్నారు. నేను ఆవిణ్ణి పలకరించడం మానేసి గోదావరి వైపు చూస్తూ నిలబడిపోయాను. మా వైపు నదిని చూడాలంటే, ముందు అది ఏ వైపు పారేదో ఎవరినైనా అడిగి తెలుసుకోవాలి.

దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలైపోయిన చేలల్లో బాతుల మంద మేస్తోంది. కోత అయిన చేలు వెతుక్కుంటూ ఊరూరా తిరిగే మందలట ఇవి. ఎస్తేరు గారు గ్లవ్స్ వేసుకుని, బాతును చంకలో పెట్టుకుని, దూది చుట్టిన పుల్లను దాని వెనక భాగంలో తిప్పి తీసి, గులాబీరంగు ద్రవమున్న చిన్న గొట్టంలో ముంచుతున్నారు. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. మంద యజమాని అది కనిపెట్టాడు.

"బాతే సిగ్గు పడట్లేదు, తమరెందుకండీ మొహం తిప్పుకుంటన్నారు?" అన్నాడు.

అందరూ నవ్వారు. ఈ ప్రయాణంలో నేను పడిన సిగ్గుల్లో నవ్వుకోగలిగినది అదొక్కటే.

బర్డ్ ఫ్లూ అంటే ఒకటే జబ్బనుకునేవాణ్ణి. ఆ వైరస్ ఒంటి మీద రెండు జాతుల ముళ్ళుంటాయని, ఏ ముల్లు ఏ ముల్లుతో జత కట్టిందన్న దాన్ని బట్టి దానికి పేరు పెడతారని, ఆ జతల్లో చాలా భాగం నీటి పక్షుల్లోనే దొరికాయని ఎస్తేరు గారు చెప్పారు. కోళ్ళను గుట్టలుగా చంపే రకాన్ని కూడా బాతు ఒక్కోసారి ఏ జబ్బూ లేకుండా మోసుకు తిరుగుతుందట. అందుకే జబ్బు లేని మందలోనే ముందు వెతుకుతారు.

"జబ్బు చేసినదాన్ని ఎవరైనా కనిపెడతారండీ మాస్టారూ. బాగున్నదాన్ని అనుమానించడమే మా పని" అన్నారు, ఐసు పెట్టె మూత బిగిస్తూ.

బాతుగుడ్లు కొన్నాను. ధర మా ఊళ్ళో కోడిగుడ్డుకి రెండింతలు ఉంది. ఉడకబెట్టించి కారం చల్లించుకుని కారులోనే తినేశాను. రెండింతలు ఇవ్వొచ్చు.

కొత్తపేట

మర్నాడు తెల్లవారుతుండగా కొత్తపేట దగ్గర ఒక తోటలో ఉన్నాం. నిద్రగన్నేరు చెట్టుకి గబ్బిలాలు గుత్తులుగా వేలాడుతున్నాయి. కింద తెల్లటి ప్లాస్టిక్ పట్టా పరిచారు. గబ్బిలాలు మేతకు వెళ్ళి తిరిగొచ్చి, రెక్కలు సర్దుకుని, పైనుంచి తమ పని కానిస్తాయి. పట్టా మీద పడిన చుక్కల్ని ఎస్తేరు గారు ఒక సన్నటి గొట్టంతో పీల్చి సీసాల్లో నింపుతారు. గబ్బిలాన్ని ముట్టుకోనక్కర్లేదు, బెదరగొట్టనక్కర్లేదు. ఆవిడ మాస్కు, కళ్ళద్దాలు, తొడుగులన్నీ వేసుకుని పని చేస్తుంటే నేను దూరంగా గొడుగు వేసుకుని నిలబడ్డాను. గొడుగు ఎందుకో చెప్పనక్కర్లేదు.

తోట యజమానురాలు మాకు టీ తెచ్చారు. "దీపావళికి మా వీధిలో టపాకాయలు కాల్చవండీ. ఇవి బెదిరి ఎగిరిపోతే ఇంటికి మంచిది కాదని మా మావగారు అనీవారు" అన్నారు. మా ఊళ్ళో గబ్బిలం ఇంట్లోకొస్తే ఇల్లు కడిగించి శాంతి చేయిస్తారని నేనంటే, ఆవిడ మర్యాదగా "అలాగాండీ" అని ఊరుకున్నారు.

ఆ సీసాల్లో ఏముంటుందన్నది నాకు అంతుపట్టలేదు. ఫలానా వైరస్ ఉందా లేదా అని వెతకడం ఒక పద్ధతి. ఏమీ ముందే అనుకోకుండా, ఆ చుక్కలో ఉన్న జన్యుపదార్థమంతా చదివేసి, తెలిసినవాటితో పోల్చుకుంటూ పోవడం ఇంకొకటి. అలా చదివితే తెలిసినవాటి కంటే పేరు లేనివే ఎక్కువ తేలతాయట. ప్రతి జీవికీ తనవంటూ కొన్ని వైరస్‌లు ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం ఎవరి జోలికీ పోవు. ఆ మాట విని ఎందుకో ధైర్యం వచ్చింది. ఆత్రేయపురం పూతరేకులు దగ్గరే దొరుకుతాయని తెలిసి డబ్బా కొనుక్కున్నాను. సాయంత్రానికి డబ్బా ఖాళీ అయింది.

రాజోలు

తాటిపాక దాటేటప్పుడు గ్యాస్ కేంద్రం మంట కొబ్బరిచెట్ల వెనక కనిపించింది. అక్కడికి దగ్గర్లోనే రాజోలులో ఎస్తేరు గారి అమ్మగారి ఇల్లు. మధ్యాహ్నం భోజనం అక్కడే. చింతచిగురు, ఎండు రొయ్యల కూర వాసనకి ఆగలేక నేను ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. తలెత్తి చూస్తే అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. నమలాలా మింగాలా తెలియక బుగ్గలో పెట్టుకుని కూర్చున్నాను. ప్రార్థన చివర అమ్మగారు "ఆకలితో వచ్చిన అతిథిని కూడా దీవించు తండ్రీ" అన్నారు. కళ్ళు మూసుకునే చూశారేమో మరి.

భోజనాలయ్యాక పక్కింటివారి ఆవుని చూశాం. ఒళ్ళంతా గడ్డలు లేచి మానుతోంది. లంపీ జబ్బు. మశూచి కుటుంబానికి చెందిన వైరసే గానీ మనుషులకు రాదు. జోరీగలు, దోమలు ఒక పశువు నుంచి ఇంకో పశువుకు మోస్తాయి. ఎస్తేరు గారు మానిన గడ్డ మీది పెచ్చుని పట్టకారుతో ఊడదీసి సీసాలో వేశారు.

"ఇంత ఎండిపోయిన దాంట్లో ఇంకా ఏముంటుందండీ?" అన్నాను.

"నెలలు గడిచినా ఉంటదండీ. వైరస్‌కి కాళ్ళు లేవు. ఈగ కాళ్ళు, మన కాళ్ళు, మన బట్టలు, ఏది దొరికితే దాంతో పోతది. మనం మోసుకెళ్ళకుండా ఉంటే చాలు, సగం జబ్బులు కదలవు."

ఆ మాటలు నేను శ్రద్ధగా విన్నాను. వినలేదని చెప్పుకోవడానికి కూడా నాకు వీల్లేదు.

అంబాజీపేట

ముమ్మిడివరం వైపు ఒక ఊళ్ళో మేం చూడాల్సిన రొయ్యల చెరువులు రెండు. కాలవకి ఇవతల వీర్రాజు గారిది, అవతల ఆయన అక్క నాగమణి గారిది. వీర్రాజు గారి చెరువు ఆరోగ్యంగా ఉంది. నాగమణి గారి చెరువుకి తెల్లమచ్చ జబ్బు తగిలింది. ఇలాంటప్పుడు ముందు మంచి చెరువు చూసి, జబ్బు చెరువు ఆఖర్న చూడాలి. ఎస్తేరు గారు ఆ లెక్కనే పొద్దున్నే బయలుదేరదీశారు.

దారిలో అంబాజీపేటలో పొట్టిక్కల బోర్డు చూశాను. పనసాకుల్ని పుల్లలతో కుట్టి బుట్టల్లా చేసి, వాటిలో ఇడ్లీపిండి పోసి ఉడికిస్తారు. ఆకు విప్పితే పనస వాసన వస్తుంది. కొబ్బరి చట్నీ చిక్కగా ఉంది. మా రాగిసంగటి, ఊరుబిండి ముందు మరేదీ నిలబడదని నమ్మే మనిషిని, ఆ ఒక్క పూటా మాట మార్చాను. మొదటి వాయి అయిపోయిందన్నారు. రెండో వాయి దిగేదాకా కూర్చుందామన్నాను. ఎస్తేరు గారు గడియారం చూసుకున్నారు గానీ, ఇంటికొచ్చిన మనిషిని తిండి దగ్గర లేపే అలవాటు ఆ ప్రాంతంలో లేదు. రెండో వాయి తరువాత మూడో వాయి కూడా దిగింది.

మేం చేరేసరికి వీర్రాజు గారు మేత కోసం అమలాపురం వెళ్ళిపోయారు. ఇంకా ఆగితే పొద్దుపోతుంది కాబట్టి జబ్బు చెరువే ముందు చూసి, లాడ్జికి పోయి తలంట్లు పోసుకుని, బట్టలు మార్చుకుని, మంచి చెరువుకి మర్నాడు రావాలని నిర్ణయమైంది. నా జిహ్వ వల్ల వరస తిరగబడింది.

నాగమణి గారి గట్టు

నాగమణి గారికి నలభై దాటి ఉంటాయి. భర్త కువైట్‌లో ఉంటారు. చెరువు పని మొత్తం ఆవిడే చూసుకుంటారు. చుట్టూ పీతలు పాకి రాకుండా వల కంచె, పైన కాకులు వాలకుండా అడ్డంగా లాగిన దారాలు. ఇన్ని కట్టినా జబ్బు లోపలికి వచ్చేసింది. చనిపోయిన రొయ్యల తల పెంకు మీద ఆవగింజంత తెల్లటి చుక్కలు కనిపించాయి. ఈ వైరస్ రొయ్యల్ని, పీతల్ని పట్టుకుంటుంది, మనిషిని ఏమీ చెయ్యదు. చెరువులో పడితే మాత్రం రోజుల్లో ఊడ్చేస్తుంది. ఎస్తేరు గారు రొయ్యల ఈతకాళ్ళు కత్తిరించి ఆల్కహాల్‌లో వేసుకున్నారు.

ఆ ఊరి పద్ధతి ఒకటి అక్కడే చూశాను. చెరువుకి మచ్చ తగిలిన ఇంటివాళ్ళు, ఆ చెరువు ఎండగట్టి సున్నం చల్లేదాకా ఇంకొకరి గట్టు తొక్కరు. చుట్టాలిళ్ళకీ పోరు. మైల పట్టినట్టే. నాగమణి గారు తమ్ముడి ఇంటికి పనసపొట్టు కూర చేస్తే, స్టీలు కేరేజీలో పెట్టి, కాలవ దాటడానికి వేసిన తూము దాకా వచ్చి, దాన్ని అక్కడ పెట్టి వెనక్కి వెళ్ళిపోతారు. అవతలి నుంచి తమ్ముడి భార్య సత్యవతి గారు వచ్చి తీసుకుంటారు. ఖాళీ గిన్నె తిరిగివ్వడం ఆ ఇళ్ళలో లేదు. బెల్లమో, రెండు మామిడికాయలో వేసి మళ్ళీ తూము మీదే పెడతారు. వదినా మరదళ్ళు కాలవకి చెరో వైపు నిలబడి కేకలేసుకుంటూ కబుర్లు చెప్పుకోవడం చూసి ముచ్చటేసింది.

ఎస్తేరు గారు అవతలి మూల నీళ్ళు పట్టుకుంటుండగా, నేను రొయ్యల్ని ఫోటో తీద్దామని చెరువులో వేలాడదీసిన మేత పళ్ళేన్ని పైకి లాగబోయాను. ముట్టుకోవద్దని చెప్పినదే. గట్టు జారింది. నడుం దాకా చెరువులో పడ్డాను.

నాగమణి గారు పరిగెత్తుకొచ్చి చెయ్యిచ్చారు. ఇంట్లోంచి కొత్త తువ్వాలు తెచ్చారు. కారులో ఉన్న నా సంచిలోంచి ఇంకో ప్యాంటు తీసుకుని మోటారు షెడ్డు వెనక మార్చుకున్నాను. తడి ప్యాంటుని పాలిథిన్ కవరులో మూటకట్టి సంచి అడుగున తోశాను. కాళ్ళు, క్రిములు చావడానికి గట్టు మీద కలిపి పెట్టిన మందునీళ్ళలో కడుక్కున్నాను. అంత చదువుకున్న మనిషిని, చెప్పిన మాట వినక చెరువులో పడ్డానని ఎస్తేరు గారికి తెలిస్తే ఎంత చిన్నతనం. అదొక్కటే నా బుర్రలో ఉంది.

"మేడమ్‌కి చెప్పకండి" అన్నాను.

నాగమణి గారు ఒక్క క్షణం నా మొహం చూసి "ఆయ్" అన్నారు. ఆ వైపు సరే అనడం అలాగే.

వీర్రాజు గారి గుంట

లాడ్జిలో ఎస్తేరు గారు చెప్పినట్టే తలంటు పోసుకున్నాను, బట్టలు మార్చాను, చెప్పులు మందునీళ్ళలో ముంచాను. ప్యాంటు మూట మాత్రం సంచిలోనే మర్చిపోయాను. మర్నాడు వీర్రాజు గారింట్లో తువ్వాలు కోసం సంచి తెరిస్తే గుప్పున కంపు కొట్టింది.

ఇల్లు, చెరువు ఒక్క చోటే. చెరువు పక్కన చిన్న గుంట నిండా తేటగా నీళ్ళున్నాయి. ఎస్తేరు గారు, వీర్రాజు గారు చెరువు దగ్గర ఉన్నారు. సత్యవతి గారు వంటింట్లో ఉన్నారు. మా ఊళ్ళో బిందె నీళ్ళలో చీర ఉతికి, ఆ నీళ్ళు మళ్ళీ చెట్టుకి పోస్తారు. ఇక్కడ కళ్ళ ముందు ఇన్ని నీళ్ళున్నాయి. ఎవరూ చూడకముందే ప్యాంటు తీసి ఆ గుంటలో బాగా జాడించాను. పిండి, వెనకనున్న కంచె మీద ఆరేశాను. సంచి తేలికైంది, మనసూ తేలికైంది.

కాసేపటికి వీర్రాజు గారు వచ్చి, ఆ గుంట దగ్గరే నిలబడి నాకు తన పద్ధతంతా వివరించారు. చెప్పడం ఆయనకి సరదా.

"కాలవ నీళ్ళు తిన్నగా చెరువులోకి వదలవండీ మాస్టారూ. ముందు ఈ గుంటలోకి తోడతాం. బ్లీచింగు వేసి, ఏ పురుగూ బతక్కుండా చేసి, ఆ ఘాటు పోయేదాకా ఎండకి ఉంచుతాం. ఈ నీళ్ళు ఇప్పుడు గుళ్ళో తీర్థం లాంటివన్నమాట. మా అక్క చెరువు అలా అయ్యేక నాకు నిద్ర లేదండీ. ఇంకో నెల గడిస్తే పంట చేతికొస్తది. చెరువులో నీరు తగ్గింది, ఇప్పుడే మోటారేస్తాను."

నేను ప్యాంటు జాడించింది ఆ నీళ్ళలోనే. అప్పుడు నేను అనాల్సింది ఒక్క మాటే. ఆగండి. అంతకంటే వివరం కూడా అక్కర్లేదు, ఆయన ఆగేవారు. మళ్ళీ బ్లీచింగు వేసుకుని ఇంకొన్నాళ్ళు ఎండకి ఉంచుకునేవారు. కానీ ఆ మాట అంటే, ప్యాంటు ఎందుకు తడిసిందో చెప్పాలి, చెరువులో పడ్డది చెప్పాలి, దాచింది చెప్పాలి. పక్కనే ఎస్తేరు గారున్నారు. ఒక రాత్రంతా మూటలో ఉన్నదాంట్లో ఏం మిగిలి ఉంటుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. రాజోలులో ఎండిన పెచ్చు సంగతి విన్న మనిషినే.

ఆయన స్విచ్చి వేశారు. నీళ్ళు చెరువులోకి పడుతుంటే నేను తీరిగ్గా చూస్తున్నట్టు నిలబడ్డాను.

ఆ మధ్యాహ్నం సత్యవతి గారు రొయ్యల వేపుడు, కొబ్బరి మామిడికాయ పచ్చడి, అక్కగారి కేరేజీలో వచ్చిన పనసపొట్టు కూర వడ్డించారు. ఆవపెట్టిన కూర. అడిగి మరీ వడ్డించుకున్నాను. గుంట సంగతి మర్చిపోవడానికి ఎక్కువే తిన్నాను.

అనంతపురం

ఇంటికి వచ్చి, కాలేజీలో అందరికీ బాతుల కథ, గబ్బిలాల కథ చెప్పి నవ్వించాను. పొట్టిక్కల గురించి చెప్పాను. చెరువుల దగ్గరికి వచ్చేసరికి మాట మార్చేవాణ్ణి.

ఒకరోజు ఎస్తేరు గారు ఫోన్ చేశారు. "వీర్రాజు గారి చెరువు పోయిందండీ మాస్టారూ. మచ్చ వచ్చేసింది. చిన్న సైజులోనే పట్టేసి అమ్మేసుకున్నారు. సగం చచ్చిపోయేయి."

నేను "అయ్యో" అన్నాను.

ఆవిడ చెబుతూ పోయారు. ఆ వైరస్ జన్యువులో కొన్ని ముక్కలు ఒకదాని తరువాత ఒకటి మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఒక్కో చోటి వైరస్‌లో అవి ఒక్కోలా వస్తాయి కాబట్టి, రెండు చెరువుల వైరస్‌ల్ని పక్కపక్కన పెట్టి చదివితే ఒకే చోటివా కాదా తెలుస్తుంది. చుట్టుపక్కల ఇంకో చెరువుకీ జబ్బు వచ్చింది గానీ, దాని వరస వేరు. అక్కాతమ్ముళ్ళ చెరువుల్లోది మాత్రం అచ్చంగా ఒకటే.

"అంటే అక్కగారి చెరువులోదే అటు వెళ్ళిందండీ. ఎలా వెళ్ళిందన్నది మా మెషీన్ చెప్పదు కదా. ఆ మాటే వీర్రాజు గారితో అన్నాను. కేరేజీ అడుగున తడితో వచ్చిందని సత్యవతి గారు తేల్చేసేరు. ఆ కేరేజీ తూము మీద పెట్టేసేరంట, ఖాళీగా. అక్కాతమ్ముళ్ళకి మాటల్లేవు. నాకూ బాధగానే ఉందండీ, నా రిపోర్టు పట్టుకునే కదా అంటన్నారు."

అప్పుడు కూడా నేను చెప్పలేదు. ఫోన్ పెట్టేశాను. ఆ వారం ఇంటర్ పిల్లలకి వైరస్‌ల పాఠం వచ్చింది. ఎప్పటి బొమ్మే గీయబోయి, వ్యాపించు మార్గాలు అన్న శీర్షిక దగ్గర సుద్దముక్క ఆగిపోయింది. పిల్లల్ని చదువుకోమని చెప్పి బయటికి వచ్చేశాను. శాస్త్రం తప్పు చెప్పలేదు. నాగమణి గారి చెరువులోదే తమ్ముడి చెరువులోకి పోయింది. మధ్యలో ఉన్న మనిషి కనపడకపోవడం వల్ల ఆవిడ దోషి అయ్యారు. ఆ మనిషి ఇక్కడ జీతం తీసుకుంటూ, తిన్నవాటి గురించి కథలు చెప్పుకుంటున్నాడు. నా మీద నాకు అసహ్యం వేసింది.

ఎస్తేరు గారికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను.

"ఈ మాట నాకు కాదండీ చెప్పాల్సింది" అన్నారు. "రండి. నేనూ వస్తాను."

మళ్ళీ తూము దగ్గర

ఈసారి దారిలో ఎక్కడా ఆగలేదు. వీర్రాజు గారి చెరువు ఎండి, పగుళ్ళ మీద సున్నం తెల్లగా ఉంది. పైన కాకుల దారాలు ఇంకా అలాగే లాగి ఉన్నాయి.

గట్టు మీద నిలబడే చెప్పాను. పళ్ళెం లాగడం, పడడం, మూట, గుంట, అన్నీ. వీర్రాజు గారు అంతా విని, "మోటారేసేటప్పుడు మీరు నా పక్కనే ఉన్నారు కదండీ మాస్టారూ" అన్నారు.

"ఉన్నానండీ."

ఆయన తిట్టి ఉంటే ఎంతో మేలుగా ఉండేది. తూము దాకా నడిచి "అక్కా" అని పిలిచారు. చాలా రోజుల తరువాత పిలిచిన పిలుపు అది. నాగమణి గారు వచ్చి అవతలి చివర నిలబడ్డారు. ఆవిడ చెరువూ సున్నంతోనే ఉంది.

"అది నీ కేరేజీతో రాలేదంట అక్కా. మాస్టారి ప్యాంటుతో వచ్చిందంట."

"నాకు తెలుసు" అన్నారు ఆవిడ.

ఎస్తేరు గారు, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"నా చెరువులో పడ్డ ప్యాంటే మర్నాడు నీ కంచె మీద ఆరేసి ఉంటే ఇటునుంచి చూసేను. మందునీళ్ళలో ముంచే ఉతికుంటారనుకున్నాను, చదువుకున్నాయన కదా అని. నీ చెరువు పోయేక అర్థమైంది."

"మరి చెప్పవే? మేం అన్ని మాటలంటా ఉంటే నోరు మెదపవే?"

"నువ్వు అడిగేవేంట్రా? అడిగుంటే ఏం చెప్పేదాన్నో. అడక్కుండానే కేరేజీ ఖాళీగా పెట్టించేసేవు." ఆవిడ నా వైపు తిరిగారు. కోపం లేదు. మర్యాద ఎక్కడా తగ్గలేదు. "మేడమ్‌కి చెప్పొద్దన్నారు కదండీ తమరు. ఆయ్ అన్నాను. ఇంటికొచ్చిన మనిషికి మాటిచ్చి మళ్ళీ నేనే ఎలా చెప్తాను? మీరే చెప్తారని చూసేనండీ. చాలా రోజులు చూసేను."

క్షమించండి అన్నానో లేదో నాకు గుర్తులేదు. అని ఉన్నా వినపడి ఉండదు. నేను ఒక క్షణం సిగ్గు తప్పించుకోవడానికి అడిగిన మాటని, ఆవిడ సొంత తమ్ముడి ఇల్లు దూరమవుతున్నా నిలబెట్టుకున్నారు. కాళ్ళ కింద తూము గట్టు చూస్తూ నిలబడ్డాను.

వీర్రాజు గారు తూము దాటి అవతలికి వెళ్ళారు. అక్కాతమ్ముళ్ళు ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, వినే అర్హత నాకు లేదు. తిరిగొస్తూ ఆయన నా దగ్గర ఆగి, "పొద్దెక్కింది. భోంచేసి వెళ్ళండి" అన్నారు. వద్దని చెప్పబోయాను. ఎస్తేరు గారు నా మోచెయ్యి పట్టుకుని, "తినాలండీ. ఇప్పుడు కాదంటే ఇంకా అవమానం" అన్నారు మెల్లగా.

సత్యవతి గారు ఆకు వేశారు. నా మొహం చూడకుండానే నీళ్ళు పెట్టారు. ఇంతలో నాగమణి గారు చాలా నెలల తరువాత తమ్ముడి గుమ్మం ఎక్కి, చేతిలోని కేరేజీ ఆడపడుచు హోదాలో తిన్నగా వంటింట్లోకి తీసుకెళ్ళారు. తరువాత గిన్నెలు విడదీస్తున్న చప్పుడు వినిపించింది. ఆ కేరేజీలోంచి మొదట వడ్డించింది నాకే.

ఈ ప్రయాణంలో నేను తిన్న ప్రతి వంటా ఇక్కడ రాశాను. బాతుగుడ్డు మీద కారం, పొట్టిక్క ఆకు వాసన, పనసపొట్టులో ఆవ ఘాటు, అన్నీ నాలుక మీదే ఉన్నాయి. ఆ పూట కేరేజీలో వచ్చిన కూర ఏమిటో మాత్రం ఎంత ఆలోచించినా చెప్పలేను. తల ఎత్తకుండా, ఆకులో మెతుకు మిగలకుండా తిన్నాను.